సాయంత్రం క్లాసులోనే తెగిపోతున్న వైఫై: కొత్త రౌటర్ కొనవలసిందేనా?

ప్రశ్న:
ఇంటి నుంచి ఇంటర్ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. నెల రోజులుగా సాయంత్రం క్లాసు మధ్యలో నా ల్యాప్‌టాప్‌కు వైఫై అరనిమిషం పాటు తెగి, తనంతట తానే మళ్లీ కలుస్తోంది. గంటలో నాలుగైదుసార్లు ఇలా జరుగుతోంది. పగలు ఎంతసేపు వాడినా ఇబ్బంది లేదు. రౌటర్ హాల్లో ఉంది, నా గదికీ దానికీ మధ్య ఉన్నది ఒకటే ఇటుక గోడ. లైను బాగుచేసే అబ్బాయి రెండుసార్లు వచ్చి, లైనులో లోపం లేదని, కొత్త రౌటర్ తీసుకోమని చెప్పి వెళ్లాడు. పరీక్షలు దగ్గరపడిన పిల్లలు లెక్క మధ్యలో ఆగిపోతుంటే చాలా బాధగా ఉంది. కొనేముందు ఏమేమి చూడాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం:
మాస్టారూ, అప్పుడే కొనకండి. తెగుతున్నది ల్యాప్‌టాప్‌కూ రౌటర్‌కూ మధ్యనా, రౌటర్ దాటిన తరువాత ఫైబర్ లైనులోనా అన్నది ముందు తేలాలి. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక చాలామంది ఇక్కడే పొరబడి, బాగున్న వస్తువును మారుస్తారు. కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైపు చేసే తెరను) రెండు విండోల్లో తెరిచి, ఒకదానిలో మీ రౌటర్ చిరునామాకు (సాధారణంగా 192.168.1.1 లేదా 192.168.0.1, రౌటర్ అడుగున అంటించిన కాగితంపై ఉంటుంది), రెండోదానిలో 8.8.8.8కు (ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ చిరునామా) క్లాసు జరిగినంతసేపూ పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తోందా, ఎంతసేపట్లో వస్తోందో చూపే ఆదేశం) నడవనివ్వండి. తెగినప్పుడు రెండోది మాత్రమే ఆగితే లోపం బయటి లైనులో ఉంది, రెండూ ఆగితే మీ గదికీ హాలుకూ మధ్యనే ఉంది.

మరొకరి సమాధానం:
కరెంటు పోయి ఇన్వర్టర్‌కు మారే క్షణంలో రౌటర్ ఆగి మళ్లీ మొదలయ్యే ఇళ్లు ఉన్నాయి. అయితే అప్పుడు ఇంట్లోని ఫోన్లన్నిటికీ ఒకేసారి పోతుంది కనుక, అది కూడా గమనించండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రెండు పింగ్‌లూ ఒకేసారి ఆగాయి. ఆగడానికి ముందు రౌటర్ నుంచి 2, 3 మిల్లీసెకన్లలో వస్తున్న జవాబు 400కూ, 900కూ ఎగబాకింది. బల్లకు అవతలి చివర పెట్టిన ఫోనుకు మాత్రం వైఫై ఒక్కసారి కూడా పోలేదు. మరొక సంగతి: క్లాసు సమయంలోనే వైర్‌లెస్ మౌస్ బాణం తెర మీద ఆగి ఆగి కదులుతోంది. బ్యాటరీ మార్చినా అంతే.

సమాధానం:
మౌస్ సంగతి చెప్పడం మంచిదైంది, అసలు ఆచూకీ అక్కడే ఉంది. ఇటువంటి మౌస్ డాంగిల్ (ల్యాప్‌టాప్‌కు తగిలించే మౌస్ రిసీవర్) పనిచేసేది, చాలా ఇళ్లలో వైఫై నడిచేది ఒకే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో (బ్యాండ్‌లో). రెండూ కలిసి తడబడుతున్నాయంటే ల్యాప్‌టాప్‌కు బాగా దగ్గరలోనే రేడియో రొద పుడుతోందని అనుకోవాలి. పాఠాన్ని రికార్డు చేయడానికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఏదైనా తగిలిస్తున్నారా? యూఎస్‌బీ 3 పరికరం సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో సమాచారం పంపేటప్పుడు దాని తీగ, కనెక్టర్ల నుంచి వెలువడే రొద 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ వరకు పరుచుకుంటుందని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. రౌటర్ నుంచి గోడ దాటి వచ్చే బలహీనమైన సంకేతం ఆ రొదలో మునిగిపోతుంది. దూరం పెరిగేకొద్దీ ఈ రొద ఎంత త్వరగా తగ్గుతుందో మీకు వేరే చెప్పనవసరం లేదు, ఫోను బాగుండటానికి కారణం అదే కావచ్చు.

డిస్కును యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి. సాధారణంగా లోపల నీలంగా ఉన్నది 3, నల్లగా ఉన్నది 2. రికార్డింగుకు ఆ వేగం ధారాళంగా సరిపోతుంది. మౌస్ డాంగిల్‌ను రెండో వైపు పెట్టండి. ల్యాప్‌టాప్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే, రౌటర్‌లో ఆ పట్టీకి వేరే పేరు పెట్టి దానికే కలపడం ఇంకా మేలు. గోడ దాటేసరికి అది కొంత బలహీనపడుతుంది గాని, ఒక్క గోడే కనుక మీకు పరవాలేదు.

ప్రశ్న అడిగినవారు:
మీరు ఊహించినది నిజమే. నెల క్రితం కొన్న హార్డ్‌డిస్కును క్లాసు రికార్డింగు కోసమే తగిలిస్తున్నాను, అది నీలం పోర్టులోనే ఉంది. ఈరోజు క్లాసుకు ముందు దాన్ని నల్ల పోర్టుకు మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే వదిలేశాను. గంటన్నర క్లాసులో ఒక్క పింగ్ కూడా తప్పలేదు, మౌస్ కూడా సాఫీగా కదిలింది. అప్పుడు నిర్ధారణ కోసం డిస్కును మళ్లీ నీలం పోర్టుకు తగిలించి ఒక పెద్ద ఫైలును కాపీ చేస్తే, రెండు నిమిషాల్లోపే వైఫై తెగింది.