ఒకే ట్రిప్పులో 18 డెలివరీలు: రూటు ఎలా పెట్టాలి?

ప్రశ్న: కూకట్‌పల్లి నుంచి బయల్దేరి మియాపూర్, కొండాపూర్, మణికొండ వైపు 18 చోట్ల సరుకు దించాలి. గూగుల్ మ్యాప్స్ తొమ్మిది స్టాపులు దాటనివ్వట్లేదు, పైగా ఇచ్చిన వరసలోనే తిప్పుతోంది. దారేంటండీ?

జవాబు 1: అది వరస మార్చదండి. స్టాపు పక్కనున్న గీతలు పట్టుకుని మనమే పైకీ కిందకీ జరపాలి. 18ని తొమ్మిదేసి చొప్పున రెండు రూట్లు చేయండి. మొదటిదాని చివరి స్టాపే రెండోదానికి మొదలు. రెండు లింకులూ డ్రైవర్‌కి ముందే వాట్సాప్ చేయండి.

జవాబు 2: వరస కూడా సాఫ్ట్‌వేరే తేల్చాలంటే ఓఎస్ఆర్ఎమ్ (OSRM, రూట్లు లెక్కేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) లోని ట్రిప్ సర్వీస్ మంచిది. పదిలోపు పాయింట్లయితే అన్ని వరసలూ లెక్కేస్తుంది. పదీ, ఆపైనా అయితే ఉజ్జాయింపే, ఓసారి కంటితో చూసుకోండి. దీనికి రేఖాంశం ముందు ఇవ్వాలి: 78.39,17.49. గూగుల్‌లో కాపీ చేస్తే అక్షాంశం ముందొస్తుంది. దాన్ని అలాగే అంటిస్తే కూకట్‌పల్లి పాయింటు నార్వే పైన స్వాల్‌బార్డ్‌లో పడుతుంది! లైవ్ ట్రాఫిక్ దీనికి తెలియదు, కాబట్టి వరస ఇక్కడ తీసి, నడపడం గూగుల్‌లో పెట్టుకోండి.

జవాబు 3: పిన్నులు బిల్డింగ్ మధ్యలో కాదు, గేటు ముందు రోడ్డు మీద పెట్టండి. లేకపోతే దగ్గరగా ఉందని వెనక సందులోకి తీసుకెళ్తుంది. డివైడర్ ఉన్న రోడ్డు మీద ఎడమవైపు షాపులన్నీ ఒక విడత, యూటర్న్ తర్వాత అవతలివి ఇంకో విడత.