ఇన్‌స్టాలేషన్ గైడులో డిస్కు రాసే సాఫ్ట్‌వేర్ పేరు పెట్టాలా?

కాలవగట్టు (పాలకొల్లు):
పాత కంప్యూటర్లలో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవడానికి మనమంతా కలిసి తెలుగు గైడు రాస్తున్నాం కదండీ. మూడో మెట్టులో "ఇమ్గ్‌బర్న్ దించుకుని డీవీడీ రాయండి" అని ఉంది. ఆ వాక్యం తీసేద్దామంటాను. డిస్కులు రాసే ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 2013 నాటిది. పైగా విండోస్ 7 నుంచీ ఆ పని విండోసే చేస్తుంది. ఐఎస్ఓ ఫైలు (డిస్కులో ఉండాల్సిందంతా ఒకే ఫైలుగా మూటగట్టింది) మీద రైట్ క్లిక్, "బర్న్ డిస్క్ ఇమేజ్", అంతే. మా బావమరిది ఇలాంటి గైడే ఒకటి చదివి, ఏదో సాఫ్ట్‌వేర్ కోసం వెతికి, పెద్దగా కనిపించిన ఆకుపచ్చ బటన్ నొక్కాడు. అసలుది రాలేదు గానీ బ్రౌజర్ నిండా టూల్‌బార్లు వచ్చిపడ్డాయి. రేపు మన గైడు చదివినవాళ్లకీ అదే జరిగితే తిట్లు మనకే.

గోదారి పిల్లోడు (భీమవరం):
ఈ రోజుల్లో డీవీడీ ఎందుకండీ అసలు? ఉబుంటు అనే ఇంకో లినక్స్ ఉంది కదా, దాని 24.04 ఐఎస్ఓ 5 జీబీ దాటిపోయింది, మామూలు డీవీడీ పట్టేది 4.7. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోమని రాసి, డిస్కుల గోలే ఎత్తేయండి.

కంప్యూటర్ మాస్టారు (అమలాపురం):
తమ్ముడూ, మా ల్యాబులో ఉన్నవి పాతకాలపు కోర్ 2 డుయో ప్రాసెసర్ డబ్బాలు. వాటిలో రెండు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కావడం (స్టార్ట్ అవడం) లేదు, బయాస్ సెట్టింగులన్నీ గాలించాను. మింట్ 3 జీబీకి అటూ ఇటూ, డీవీడీలో హాయిగా పడుతుంది.

కాలవగట్టు గారూ, "అంతే" అన్నారు చూడండి, అక్కడే వస్తుంది చిక్కు. ఐఎస్ఓలు విన్‌రార్ అనే జిప్ ఫైళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్‌తో తెరుచుకునేలా ఉన్న మెషీన్లో ఆ ఆప్షన్ కనబడకపోవచ్చు. "ఓపెన్ విత్"లోకి వెళ్లి విండోస్ డిస్క్ ఇమేజ్ బర్నర్ ఎంచుకోవాలి. కొత్తవాడికి అది తట్టదు.

పోయిన వారం రావులపాలెం నుంచి ఒకబ్బాయి డీవీడీ తెచ్చాడు. పెట్టి బూట్ చేస్తే మళ్లీ విండోసే వస్తోంది. తెరిచి చూద్దును కదా, లోపల ఒకే ఒక్క ఫైలు, చివర డాట్ ఐఎస్ఓ! నెట్ సెంటర్ కుర్రాడు సినిమా కాపీ కొట్టినట్టు కొట్టి డబ్బులు పుచ్చుకున్నాడు. సరిగ్గా రాస్తే కాస్పర్, ఐసోలినక్స్ లాంటి ఫోల్డర్లు కనబడాలి. ఏ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పినా ఈ ముక్క చెప్పకపోతే దండగ.

రాజోలు బాబాయ్:
ఆయ్, మరేనండి. రాశాక డిస్కు సరిగ్గా వచ్చిందో లేదో వెరిఫై చేసే టిక్ కూడా పెట్టుకోమనండి. మా వైపు సగంలో కరెంటు పోతే ఆ డిస్కు ఇక దేనికీ పనికిరాదు.

కాలవగట్టు:
ఒప్పుకున్నానండి, డిస్కు మెట్టు ఉంచుదాం. "ఓపెన్ విత్" సంగతి, ఫోల్డర్ల సంగతి, వెరిఫై సంగతి మూడూ చేర్చాను. బయటి సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం పెట్టను, ఎవరేమన్నా సరే. మాస్టారూ, ఆ రావులపాలెం డీవీడీ ఒకసారి పంపిస్తారా? తప్పు డిస్కు ఇలా ఉంటుందని ఫోటో పెడదాం.

కంప్యూటర్ మాస్టారు:
ఇంకెక్కడిదండీ, వాళ్ల నాన్న పిట్టల్ని బెదరగొట్టడానికి చేలో కర్రకి కట్టేశాడట.