నౌరూలో ఒకే మనిషి ఏడుసార్లు అధ్యక్షుడు ఎలా అయ్యాడు?

దీవులపిచ్చి: పసిఫిక్‌లోని చిన్న దీవి దేశం నౌరూ అధ్యక్షుల జాబితాలో బెర్నార్డ్ డోవియోగో పేరు ఏడు చోట్ల ఉంది. 1976లో మొదలు, 2003లో ఆఖరు. 1996లో అయితే రెండు వారాలు దాటగానే దిగిపోయాడు. జనం అన్నిసార్లు గెలిపించారా, లేక గోడదూకుళ్ల వ్యవహారమా?

లెక్కలమాస్టారు: అధ్యక్షుడికి జనం ఓటెయ్యరు, పార్లమెంటు ఎన్నుకుంటుంది. అప్పట్లో సభ్యులు 18 మందే (2013 నుంచి 19). పార్టీలు పేరుకే గనక మన దగ్గరున్న ఫిరాయింపుల చట్టంలాంటిదానికి అక్కడ పనే లేదు. మొత్తం సభ్యుల్లో సగం, అంటే 9 మంది అవిశ్వాసానికి సై అంటే అధ్యక్షుడు, మంత్రులు అందరూ దిగాల్సిందే. ఏడు రోజుల్లో కొత్తవాణ్ణి ఎన్నుకోకపోతే సభే రద్దు. అందుకే బేరాలు చకచకా తెగుతాయి. దిగినవాడి ఎంపీ సీటు మాత్రం పోదు. డోవియోగో ఉబెనిడే నియోజకవర్గం సభ్యుడిగా వెనక బెంచీలో కూర్చుని, ఒకరిద్దరు ఇటు జరిగితే మళ్లీ ఎక్కేవాడు.

ఓటుపెట్టె: ఆ సీటు నిలబెట్టుకోవడంలోనూ కిటుకుంది. అభ్యర్థులందరికీ వరసగా అంకెలు వెయ్యాలి, ఒక్కరిని వదిలినా ఓటు చెల్లదు. 1కి ఒక పాయింటు, 2కి అర, 3కి మూడో వంతు, అలా తగ్గుతూ పోతుంది. వంద ఓట్లు, అయిదుగురు అభ్యర్థులు అనుకోండి. ఒకాయనకి 40 మంది 1 వేసి, మిగతా 60 మంది 5 వేస్తే 40 + 12 = 52. ఇంకొకాయనకి ఒక్క 1 కూడా రాకుండా వంద మందీ 2 వేసినా 50! ఎదుటివాళ్ల బంధువర్గంతో కూడా చెడకుండా ఉండేవాడికి ఇది బంగారం.

దీవులపిచ్చి: 2003 జనవరిలోనే ఆయన పేరు రెండుసార్లు ఉంది. అచ్చు తప్పా?

లెక్కలమాస్టారు: తప్పు కాదు. జనవరి 8న అప్పటి అధ్యక్షుడు రెనే హారిస్ మీద అవిశ్వాసానికి 8 ఓట్లు పడ్డాయి, వ్యతిరేకంగా 3. హాజరైనవాళ్లలో మెజారిటీయే, కానీ 18లో సగానికి ఒకటి తక్కువ. డోవియోగో ఎక్కేశాడు, గొడవ కోర్టుకెళ్లింది, 17న హారిస్ తిరిగొచ్చాడు, మర్నాడే రాజీనామా చేశాడు. 20న డోవియోగో మళ్లీ ఎన్నికయ్యాడు. మార్చి 9న వాషింగ్టన్‌లో గుండె ఆపరేషన్ తర్వాత చనిపోయాడు.

ఓటుపెట్టె: సరిగ్గా సగం సగం అయితే ఇంకా తంటా. 2010లో ప్రభుత్వం వైపు 9, ఎదుటి వైపు 9. స్పీకర్‌గా ఎవరు తమవాణ్ణి కూర్చోబెడితే వాళ్ల ఓట్లు 8కి పడిపోతాయి. ఏప్రిల్‌లో ఎన్నికలు, జూన్‌లో మళ్లీ ఎన్నికలు, అయినా ముడి వీడలేదు. నవంబరులో మాజీ అధ్యక్షుడు లుడ్విగ్ స్కాటీ స్పీకర్‌గా ఒప్పుకున్నాకే కదిలింది.

ఫాస్ఫేట్‌బాబు: కుర్చీలాట ఒక్కటే చెబితే డోవియోగోకి అన్యాయం. 1989–95 మధ్య దాదాపు ఆరేళ్లు కదలకుండా ఉన్నాడు. పని జరిగింది అప్పుడే. స్వాతంత్ర్యానికి ముందు తవ్వి వదిలేసిన ఫాస్ఫేట్ నేలల గురించి 1989లో ఆస్ట్రేలియా మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసు అంతకుముందు అధ్యక్షుడు డీరాబర్ట్ హయాంలోది. 1993 ఆగస్టులో ఆస్ట్రేలియాతో రాజీ మీద సంతకం పెట్టింది డోవియోగో. మొత్తం 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు: 5.7 కోట్లు రొక్కం, మిగతా 5 కోట్లు ఏటా 25 లక్షల చొప్పున 20 ఏళ్లు.