క్సెనోస్ అంటే కొత్తవాడా, అతిథా?

ప్రశ్న: హోమర్ రాసిన పాత గ్రీకు కావ్యం ఒడిస్సీకి రెండు ఇంగ్లీషు అనువాదాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నానండీ. ఒకదాంట్లో స్ట్రేంజర్ అని ఉన్నచోట ఇంకోదాంట్లో గెస్ట్ అని ఉంది, మూలంలో ఒకటే మాటంట. తెలుగులో ఏమనాలి?

జవాబు: మూలంలో క్సెనోస్ అండీ. ఎవరో తెలియని పరాయివాడూ అదే, ఇంటికొచ్చిన అతిథీ అదే, ఒక్కోచోట అన్నం పెట్టినాయన కూడా అదే. అప్పట్లో సొంతూరు దాటితే మనిషికి ఏ చట్టం అండా పెద్దగా లేదు, అందుకే ఆ కాపలా ఏకంగా గ్రీకు దేవతల రాజు జియస్‌కే అప్పజెప్పారు, జియస్ క్సెనియోస్, అంటే అతిథుల్ని కాచే జియస్ అని ఆయనకి పేరే ఉంది.

మూడో సర్గ చూడండి. కథానాయకుడు ఒడిస్సియస్ కొడుకు టెలిమాకస్ పైలోస్ వెళ్తే, అక్కడి ముసలి రాజు నెస్టర్ ముందు కడుపు నిండా తినిపించి, ఆ తర్వాతే అడుగుతాడు ఎవరు మీరు, ఎక్కణ్ణుంచి, వ్యాపారమా లేక సముద్రపు దొంగలా అని. దొంగలే అయ్యుండొచ్చు అనుకుంటూ కూడా ముందు భోజనం పెట్టాడు చూశారా, నాకు భలే నచ్చుతుంది ఆ చోటు! తొమ్మిదో సర్గలో తన గుహకొచ్చిన ఒడిస్సియస్‌ని ఒంటికన్ను పాలిఫెమస్ కూడా అవే నాలుగు పాదాలు, అదే క్సెనోస్ సంబోధనతో అడుగుతాడు, కాకపోతే మెతుకు పెట్టకుండా ముందే అడుగుతాడు, పైగా అతిథి కానుకగా నిన్ను అందరికన్నా చివర్న తింటాలే అంటాడు. విన్న గ్రీకులకి వాడు రాక్షసుడని తెలియడానికి ఆ వరస తప్పడమే చాలు.

ప్రశ్న: అంటే మన అతిథి దేవో భవ లాంటిదే కదా మాస్టారూ?

జవాబు: దగ్గరే గానీ పూర్తిగా కాదండీ. ఇక్కడ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది, అదీ తరతరాలు నడుస్తుంది. హోమర్‌దే ఇంకో కావ్యం, ట్రాయ్ యుద్ధం కథ ఇలియడ్ ఆరో సర్గలో గ్రీకుల వైపు డయోమిడీస్, ట్రాయ్ వైపు గ్లాకస్ యుద్ధం మధ్యలో ఎదురుపడతారు, ఒకరి తాత ఇంకొకరి తాత ఇంట్లో 20 రోజులు అతిథిగా ఉన్నాడని తెలిసి కొట్టుకోవడం మానేసి కవచాలు మార్చుకుంటారు. గ్లాకస్‌ది బంగారం, 100 ఎద్దుల ఖరీదు, అవతలిది కంచు, 9 ఎద్దుల ఖరీదు. జియస్ గ్లాకస్ మతి పోగొట్టాడు అంటాడు కవి. స్నేహం పవిత్రమే, కానీ లెక్క కూడా చూసుకునే జనం వాళ్ళు.

అనువాదానికైతే నెస్టర్ దగ్గరా పాలిఫెమస్ దగ్గరా ఒకటే మాట పెట్టండి, "ఎవరయ్యా మీరు, ఊరికి కొత్తా" లాంటిది. ఒక నోట్లో ఆదరంగా వినిపిస్తుంది, ఇంకో నోట్లో భయమేస్తుంది.