వాటర్ ట్యాంకు పక్కనున్న స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఎలా ఉంది? వెళ్లేవాళ్లు చెప్పండి

కొత్తగా_దిగాం:

అందరికీ నమస్తే. పోయిన నెలే ఈ కాలనీకి మారాం. మా అపార్ట్‌మెంట్లో జిమ్ అని బోర్డుంది, లోపల చూస్తే ఒక్క ట్రెడ్‌మిల్, దాని మీద ఎవరివో దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. అందుకని మున్సిపల్ కాంప్లెక్స్ మీద కన్ను పడింది. షటిల్ కోర్టులు, స్విమ్మింగ్ పూల్, టీటీ గది ఉన్నాయట. మొన్న సాయంత్రం వెళ్తే కౌంటర్లో ఎవరూ లేరు, కుర్చీకి తువ్వాలు మాత్రం వేలాడుతోంది, వాచ్‌మన్‌ని అడిగితే "సార్ చాయ్‌కి పోయిండు మేడం" అన్నాడు. అరగంట నిలబడి వచ్చేశాను.

నాకు తెలియాల్సినవి రెండే. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, ఈ ఎండాకాలం ఈత నేర్పించాలి. నీళ్లు శుభ్రంగా ఉంటాయా? మావారేమో పూల్ దగ్గర వాసన చూసి "క్లోరిన్ గట్టిగానే వేస్తున్నారు, భయం లేదు" అంటున్నారు, నాకు నమ్మకం కుదరట్లేదు. రెండోది, నేను కాలేజీలో షటిల్ ఆడేదాన్ని, రాకెట్ పట్టి పదిహేనేళ్లయింది. ఒక్కదాన్నే వెళ్తే ఆడనిస్తారా, నలుగురు కలిసి రావాలంటారా? ప్రైవేటు క్లబ్బులో ఫీజు కనుక్కుంటే కళ్లు తిరిగాయి కాబట్టి ఆ సలహా మాత్రం ఇవ్వకండి ప్లీజ్.

రెండో_సర్వీస్:

షటిల్ సంగతి నేను చెప్తా, మూడేళ్లుగా వెళ్తున్నా. గోడ మీద రాసిన రూల్ ప్రకారం కార్డున్న ఎవరైనా ఆడొచ్చు. నడిచే రూల్ వేరే. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా రిటైరైన పెద్దమనుషుల బ్యాచ్, నెట్ వాళ్లే కడతారు, కాక్‌లకు డబ్బులు వాళ్లే పోగేసుకుంటారు, కాబట్టి కోర్టూ వాళ్లదే అన్నట్టుంటారు. కొత్తవాళ్లను వద్దని ఎవరూ అనరు, అలాగని రమ్మనీ అనరు, బెంచీ మీద కూర్చోవడమే. నన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టారు. ఐదో రోజు ఒకాయనకు మోకాలు పట్టేసి ఒక మనిషి తక్కువైతే "బాబూ, సర్వీస్ వేయడం వచ్చా?" అని పిలిచారు. ఇప్పుడు ఒక్కరోజు వెళ్లకపోతే ఫోన్ చేసి మరీ తిడుతున్నారు.

సర్వీస్ ఎవరిదైనా పాయింటొచ్చే 21 పాయింట్ల పద్ధతి 2006లోనే వచ్చింది కదా, ఇక్కడ ఒక పెద్దాయన మాత్రం సర్వీస్ మన చేతిలో ఉంటేనే పాయింట్, గేమ్ 15కే అంటారు. వాదించకండి. డెబ్బై దాటినా ఆయన నెట్ పక్కనే పడేలా డ్రాప్ వేస్తే నేను ఇప్పటికీ అందుకోలేను.

గోడవైపు కోర్టు వద్దు, కింద చెక్క కదులుతుంది, వానొస్తే మూలన కారుతుంటే బకెట్ పెడతారు. కాక్ బకెట్లో పడితే లెట్, అంటే ఆ పాయింట్ మళ్లీ ఆడాలి, అది మా సొంత రూల్ లెండి. షూస్ మాత్రం నాన్ మార్కింగ్‌వే కొనండి, బయట వేసుకునేవాటితో చెక్క మీదికొస్తే నల్ల గీతలు పడతాయి, ఆ తర్వాత మీరు పడే మాటలు నేనిక్కడ రాయలేను. మొదటి వారం స్మాష్ జోలికి పోకండి, భుజం గుర్తుపెట్టుకుని పగ తీర్చుకుంటుంది.

మూడడుగుల_లోతు:

మీవారికి కోపం రాకుండా చెప్పండి గానీ, ఆ ఘాటు వాసన శుభ్రానికి గుర్తు కాదు. నీళ్లలో వేసిన క్లోరిన్ చెమటతోనూ, పిల్లలు పోసే "దాని"తోనూ కలిస్తే క్లోరమైన్లు పుడతాయి. ముక్కుకు కొట్టేదీ, కళ్లు మండించేదీ అవే. సరిగ్గా చూసుకునే పూల్‌లో అంత వాసన రాదు. నేను కెమిస్ట్రీ టీచర్ని, ఇది నా క్లాసులో ఏటా చెప్పే ముక్కే.

నీళ్ల పీహెచ్, అంటే ఆమ్ల-క్షార కొలత, 7.2కీ 7.8కీ మధ్య ఉండాలి, ఫ్రీ క్లోరిన్, అంటే క్రిముల్ని చంపడానికి ఇంకా మిగిలున్న క్లోరిన్, 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) కంటే తగ్గకూడదు. రిజిస్టర్ చూపించమని అడిగాను ఒకసారి. నెలంతా ఒకటే అంకె, ఒకటే ఇంకు, ఒక్కసారే కూర్చుని రాసినట్టుంది! ఇక నేనే క్లోరిన్ ఉంటే రంగు మారే టెస్ట్ స్ట్రిప్స్ కొనుక్కుని వెళ్లడం మొదలుపెట్టా. పొద్దున మొదటి బ్యాచ్ అప్పుడు ముంచితే రంగు బాగానే మారింది. మే నెల సాయంత్రం ముంచితే అసలు మారలేదు. మన పూల్‌కి పైన కప్పు లేదు, ఎండకి క్లోరిన్ విరిగిపోతుంది, దానికి తోడు రోజంతా దిగిన జనం. అందుకే పొద్దున ఆరింటి బ్యాచే తీసుకోండి, పిల్లాడు ఎంత ఏడ్చినా సరే.

స్ట్రిప్స్ లేకపోయినా ఒకటి చూడొచ్చు. గట్టు మీద నిలబడితే లోతువైపు అడుగున ఉన్న జాలీ స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే ఆరోజు దింపకండి. జాలీయే కనిపించనప్పుడు మునిగిన పిల్లాడు ఎలా కనిపిస్తాడు?

కోచ్ మంచివాడే, ఓపిక ఉంది, కానీ మేలో ఒక్కడి మీద పాతికమంది పిల్లలు. కాబట్టి మీరో మీవారో గట్టు మీదే ఉండండి, ఫోన్ బ్యాగులో పెట్టి. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా కేకలేయరు, చప్పుడు చేయకుండా కిందికి పోతారు. మా పక్కింటి పిల్లాణ్ని అలాగే ఒకావిడ చూసి లాగింది, నిజం చెప్పాలంటే ఆరోజు నుంచే నేనీ పూల్ మీద ఇంత పట్టుగా ఉన్నా. కాటన్ బనియన్‌తో దిగనివ్వరు, నూలు పోగులు ఫిల్టర్‌కి అడ్డం పడతాయి, నైలాన్‌వి కొనండి.

డాలస్_పిన్ని:

నేను ఆ కాలనీలోనే పెరిగాను, అప్పుడది ఖాళీ జాగా, బర్రెలు కట్టేసేవారు. ఇక్కడ మా ఊరి రెక్రియేషన్ సెంటర్‌లో ఉరుము వినపడితే చాలు, బయటి పూల్‌లోంచి అందరినీ లేపేస్తారు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాల్సిందే. మొదట్లో విసుక్కునేదాన్ని, ఇప్పుడు మావాళ్లకి నేనే చెప్తున్నా. ఉరుములు మీకూ వస్తాయి కాబట్టి ఈ మాట అక్కడ ఎవరికీ తెలియదని అనుకోకుండా మీరే పిల్లాణ్ని పైకి రమ్మనండి. ఇక్కడి షటిల్ కోర్టుల్లోనూ అదే కథ, శనివారం వెళ్తే అందరూ మనవాళ్లే, అందరూ వెయిటింగే.

బెంచీ_మీదే:

రెండో సర్వీస్ అన్నా, నన్ను ఇంకా కూర్చోబెట్టే ఉంచారు, పదకొండో రోజు. ఎవరి మోకాలైనా పట్టేస్తే బాగుండనిపిస్తోంది, పాపమొస్తుందేమో.

మేడం, కౌంటర్‌కి పొద్దున పదికి వెళ్లండి, సాయంత్రం మనిషి దొరకడు. రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, ఆధార్ జిరాక్స్ పట్టుకెళ్లండి. లాకర్‌కి తాళం మీదే.

కొత్తగా_దిగాం:

అందరికీ థాంక్సండీ. నిన్న పదింటికి వెళ్లి కార్డులు చేయించుకున్నాం. ఇవాళ ఆరింటికి గట్టు మీద నిలబడి చూశా, జాలీ కనిపించింది, చిల్లులు లెక్కపెట్టగలిగా. మావారు కూడా వంగి చూశారు, వాసన గురించి మాత్రం ఏమీ మాట్లాడలేదు. బాబు మొదట నిచ్చెన వదల్లేదు, అరగంటకల్లా బయటికి రానన్నాడు.

వాడు కోచ్ దగ్గర, వాళ్ల నాన్న గట్టు మీద ఉన్నప్పుడు కోర్టువైపు వెళ్లా. బెంచీ మీద నా పక్కన ఒకబ్బాయి నీరసంగా కూర్చుని ఉన్నాడు, మీరేనా బెంచీ మీదే గారూ? అలా అయితే రేపు నేను కూడా రాకెట్ తెస్తా. బకెట్ కోర్టు ఎవరూ వాడట్లేదుగా, మనిద్దరం సింగిల్స్ ఆడుకుందాం, చెక్క కదిలేచోటు చూసుకుని. ఇంకో ఇద్దరు ఎవరైనా ఉంటే చెప్పండి, డబుల్స్ అవుతుంది.