చెరకు చక్కెర కోకాకోలాలోనూ ఆ ఘాటు ఎందుకు లేదు?

డాలస్‌లో ఉంటున్నాం. విజయవాడ నుంచి వచ్చిన నాన్నగారికి ఇక్కడి కోకాకోలా రుచించడం లేదు. గుక్క దిగాక తీపి నాలుకకు జిగురులా పట్టుకుంటోందట. ఇక్కడి డబ్బాలో మొక్కజొన్న పాకం వాడతారు కాబట్టి, చెరకు చక్కెరతో చేసే మెక్సికో గాజు సీసా (355 మిల్లీలీటర్లు) తెచ్చాను. జిగురు పోయింది, కానీ ఇండియా కోకాకోలాలో గొంతులో దిగే ఆ ఘాటు లేదన్నారు. యూదుల పాసోవర్ పండుగ వేళ మొక్కజొన్న పాకం బదులు చక్కెరతో వచ్చే పసుపు మూత సీసాకూ అదే మాట. డబ్బానూ మెక్సికో సీసానూ రాత్రంతా ఒకే ఫ్రిజ్‌లో ఉంచి, స్టీలు గ్లాసుల్లో పోసి, ఏది ఏదో చెప్పకుండా ఇచ్చాను. మూడుసార్లూ సరిగ్గా గుర్తుపట్టారు, కాబట్టి ఆ జిగురు తేడా ఆయన భ్రమ కాకపోవచ్చు. ఇంకో నెల ఉంటారు, ఈలోగా ఆ రుచి అందించాలని నా తపన. ఇండియా, అమెరికా రెండు దేశాల్లోనూ తాగినవారు చెప్పండి: ఈ ఘాటు తేడా గ్యాసు మోతాదు వల్లనా, నీటి వల్లనా?