కాకడూలో రేంజర్లే గడ్డికి నిప్పు పెడుతున్నారు, ఇదేం పద్ధతి?

డార్విన్‌_బాబాయ్:
అందరికీ నమస్తే. మేం ఉత్తర ఆస్ట్రేలియాలోని డార్విన్ వచ్చి ఎనిమిది నెలలైంది. మొన్న జూన్ మొదట్లో ఫ్యామిలీతో కాకడూ నేషనల్ పార్క్ వెళ్తుంటే రోడ్డు పక్కనే గడ్డి తగలబడుతోంది, కంగారుపడి కారాపి ఫోన్ చేద్దామనుకునేలోపు చూస్తే రేంజర్లు అక్కడే నిలబడి ఉన్నారు, అంటించింది వాళ్ళేనట! అబోరిజినల్ వాళ్ళ (ఇక్కడి ఆదివాసుల) పద్ధతి అన్నారు. మా శ్రీకాకుళం ఏజెన్సీలో పోడు కోసం కాలిస్తే ఫారెస్టోళ్ళు కేసు పెట్టేవాళ్ళు. ఇది నిజంగా పనిచేస్తుందా, టూరిస్టులకి చూపించడానికా?

గడ్డిపరక:
పోడుతో కలపకండి అన్నా. పోడంటే చెట్టు కొట్టి కాల్చి పంట వేస్తారు, ఇక్కడ కాలేది కింద గడ్డే. అక్కడి బినింజ్ అనే ఆదివాసుల లెక్కలో ఏడాదికి ఆరు కాలాలు, మీరు వెళ్ళింది యెగ్గె అనే కాలంలో. వూలీబట్ చెట్టు (మన జామాయిల్ జాతే) పూసిందంటే కాల్చడం మొదలెట్టొచ్చని గుర్తు. అప్పటికి గడ్డి ఎండీ ఎండకుండా ఉంటుంది, రాత్రి మంచుకి మంట దానంతటదే ఆరిపోతుంది, అక్కడో ముక్క ఇక్కడో ముక్క కాలి మధ్యలో జంతువులకి చోటు మిగుల్తుంది. సెప్టెంబర్, అక్టోబర్ దాకా వదిలేస్తే మాత్రం గాలికి రోజుల తరబడి పరిగెడుతుంది, సైప్రస్ పైన్ లాంటి చెట్లు ఇక బతకవు.

మెల్‌బోర్న్‌_మామ:
అంతా బానే ఉంది కానీ హెలికాప్టర్‌లోంచి నిప్పు గుళికలు జారవిడవడం కూడా సంప్రదాయమేనా 😀 పైగా డబ్బులిచ్చింది గ్యాస్ కంపెనీ.

గడ్డిపరక:
డబ్బు మాట నిజమే మామా, నాకూ అది మింగుడుపడదు. 2006లో కాకడూ పక్కనున్న వెస్ట్ ఆర్నెమ్ ల్యాండ్‌లో 28,000 చదరపు కిలోమీటర్లలో ఇలా ముందే కాల్చే ప్రాజెక్ట్ మొదలైనప్పుడు, డార్విన్‌లోని తన ఎల్‌ఎన్‌జీ (ద్రవ గ్యాస్) ప్లాంట్ వదిలే కాలుష్య వాయువులకి బదులుగా కోనోకోఫిలిప్స్ కంపెనీ డబ్బిచ్చింది. ముందే కాలిస్తే మంటల్లోంచి వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ ఎంత తగ్గిందో లెక్కగట్టి కార్బన్ క్రెడిట్లు (అమ్ముకోగలిగే పత్రాల్లాంటివి) ఇస్తారు.

హెలికాప్టర్ ఎందుకంటే ఆ రాతి పీఠభూమి మీద మనుషులే లేకుండా పోయారు. క్రైస్తవ మిషన్లకీ టౌన్లకీ వెళ్ళిపోయాక నడుస్తూ నడుస్తూ కాల్చేవాళ్ళెవరు? పెద్ద మంటలు పెరిగిందీ అందుకే. లాఫ్టీ బర్దయల్ నజామెరెక్ అనే పెద్దాయన, పేరున్న చిత్రకారుడు కూడా, మనవాళ్ళు వెనక్కొచ్చి ఉంటేనే నేల బాగుంటుందని కబుల్వర్నమ్యో అనే చోట మళ్ళీ కాపురం పెట్టించాడు. హెలికాప్టర్ కొత్తదే, ఏ కొండ ఎవరి కుటుంబానిది, ఎక్కడ వెయ్యాలి, ఎక్కడ వెయ్యకూడదు అనేది మాత్రం వాళ్ళనడిగే.

మెల్‌బోర్న్‌_మామ:
ఓకే, ఇది ఒప్పుకుంటా. ఇక్కడ 2019-20 మంటల తర్వాత అందరూ ‘కల్చరల్ బర్నింగ్’ (ఆదివాసుల పద్ధతిలో కాల్చడం) అనడం మొదలెట్టారు, కానీ ఉత్తరాది క్యాలెండర్ తెచ్చి విక్టోరియా తడి అడవిలో పెడితే కుదరదు కదా. ఇక్కడి నేల సంగతి ఇక్కడివాళ్ళకే తెలియాలి.

ఎర్రమట్టి:
నేను ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఉంటా. ఇక్కడి ఉలూరు అనే పెద్ద ఎర్ర బండని 1985లో అనంగు అనే ఆదివాసులకి తిరిగిచ్చారు, అదే రోజు వాళ్ళు 99 ఏళ్ళకి ప్రభుత్వ నేషనల్ పార్కుల వాళ్ళకే లీజుకిచ్చారు, పార్కు నడిపే బోర్డులో మెజారిటీ వాళ్ళదే. అలా ఓటు లేకుండా ‘మీ జ్ఞానం చెప్పండి, మేం రాసుకుంటాం’ అంటే ఎవరు చెప్తారు?

డార్విన్‌_బాబాయ్:
థాంక్స్ అందరికీ. ఇంకోటి, మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో మనిషికి రెండింతలెత్తు గడ్డి ఉంది, అదీ ఇలాగే కాలుస్తారా?

గడ్డిపరక:
అది గాంబా గడ్డి అయ్యుంటుంది అన్నా, పశువుల మేతకని ఆఫ్రికా నుంచి తెచ్చారు, నాలుగు మీటర్లు పెరుగుతుంది, మంట చెట్ల కొమ్మలదాకా లేస్తుంది. అగ్గిపెట్టె ముట్టుకోకండి, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి ముందు.